మేమిద్దరం వెయ్యని ఓట్లు

సెప్టెంబర్ 12, మంగళవారం

పార్టీ ఆఫీసు నుంచి ప్రమాణపత్రం వచ్చింది. ఎలక్టర్‌గా ఎంపికైతే, నన్ను నిలబెట్టిన పార్టీ అభ్యర్థులకే అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు ఓటు వేస్తానని అందులో ఉంది. అంతే, రెండు లైన్లు. సంతకం పెట్టి పంపాను. ముప్పై ఏళ్ళు కవర్లు అతికించినందుకు, ముసలివాళ్ళను నా కార్లో తిప్పి ముందస్తు ఓట్లు వేయించినందుకు ఇదన్నమాట బహుమతి.

మధ్యాహ్నం ట్రెంట్ ఫోన్ చేశాడు. పార్టీ కౌంటీ ఆఫీసు నడిపేది అతనే. నలభై ఏళ్ళవాడు, ఎప్పుడూ పరుగు మీదే ఉంటాడు.

"డార్లీన్ గారూ, మిమ్మల్ని ఊరికే ఎంపిక చెయ్యలేదండీ. జాబితా తీసి చూశాం. ఇన్నేళ్ళలో ఒక్క ఎన్నికా వదలకుండా ఓటేసినవాళ్ళు మన దగ్గర పదకొండు మందే. అందులో మీరొకరు."

"ఆ సంగతి అందరికీ చెప్పకు బాబూ," అన్నాను.

అణకువ అనుకున్నాడు. నవ్వాడు.

నెబ్రాస్కాకి ఐదు ఓట్లు. రెండు, రాష్ట్రమంతటా ఎవరు గెలిస్తే వాళ్ళకి. మిగతా మూడు, నియోజకవర్గానికి ఒకటి చొప్పున. రాష్ట్రం ఎప్పుడూ రిపబ్లికన్లదే. ఒమాహా ఉన్న మా నియోజకవర్గం ఒక్కటే అటూ ఇటూ ఊగుతుంది. మావైపు ఊగితే డిసెంబర్‌లో నేను రాజధాని లింకన్ వెళ్ళి ఓటు వేస్తాను. అటు ఊగితే వాళ్ళ మనిషి వెళ్తాడు, నేను ఇంట్లో ఉంటాను. రెండూ నాకు ఒకటే.

సెప్టెంబర్ 14, గురువారం

గురువారం కాబట్టి రోజాన్ పేకాటకి వచ్చింది. పక్కిల్లే అయినా ముందు గుమ్మం నుంచే వస్తుంది, కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తుంది. నలభై ఏళ్ళుగా అంతే.

ఎలక్టర్ సంగతి చెప్పాను. ముక్కలు పంచుతూ పంచుతూ ఆగింది.

"అంటే ఏమిటే? జనం వేసేది మీ విట్‌కోంబ్‌కి కాదా?"

"బ్యాలెట్ మీద పేరు ఆవిడదే. లెక్క ప్రకారం ఇక్కడ ఆవిడకి పడ్డ ప్రతి ఓటూ నాకు పడ్డట్టు. నేను వెళ్ళి ఆవిడకి వేస్తాను."

"నీకా? మన వీధిలో చెత్తడబ్బా ఏ రోజు బయట పెట్టాలో నువ్వు చెప్తే వినేవాడు లేడు. నీకు మూడు లక్షల మంది ఓటేస్తారా?"

"వాళ్ళకి తెలీదులే."

"తెలిస్తే మా హాగర్టీ దేశమంతా గెలుస్తాడు." కాసేపు తనలో తనే నవ్వుకుంది. తర్వాత, "మరి మన ఒప్పందం?" అంది.

"అది నవంబర్‌కి. ఇది డిసెంబర్."

"మాటలు నేర్చావే," అంది. ఆట తనే గెలిచింది.

ఒప్పందం సంగతి నాకు నేను చెప్పుకోనక్కర్లేదు. అయినా రాస్తాను. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి ఎన్నికకి మేమిద్దరం కంచె దగ్గర నిలబడి అనకూడని మాటలన్నీ అనుకున్నాం. ఆ చలికాలమంతా మొహాలు చూసుకోలేదు. తర్వాతి ఎన్నిక నాటి పొద్దున్న రోజాన్ పిండి గిన్నె చంకలో పెట్టుకుని వచ్చింది. "నీ ఓటు నా ఓటును కొట్టేస్తుంది, నాది నీదాన్ని. ఇంకెందుకు ఆ క్యూలో నిలబడి కాళ్ళు పీకించుకోవడం? ఇద్దరం మానేసి కొలాచీలు చేసుకుందాం," అంది. అప్పటి నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నిక నాడు పొద్దున ఆరు నుంచి పోలింగు ముగిసేదాకా నా వంటింట్లో కొలాచీలు చేస్తున్నాం. బన్ను మధ్యలో గుంట చేసి సగం వాటిలో గసగసాల ముద్ద, సగం వాటిలో ఆప్రికాట్. ఇప్పటికి ఆరు ఎన్నికలు.

ఒప్పందం క్యూలో నిలబడకూడదని.

అక్టోబర్ 4, బుధవారం

పోస్టులో బ్యాలెట్ వచ్చింది. నింపి, కవరు మీద సంతకం పెట్టి, లైబ్రరీ ముందు పెట్టెలో వేసి వచ్చాను. నాలుగు నిమిషాలు. క్యూ ఏమీ లేదు.

అక్టోబర్ 11, బుధవారం

పార్టీ ఆఫీసులో ఉత్తరాలు మడిచాం. ఎనిమిది వందలు. ఓటు నమోదు చేసుకుని కూడా వెయ్యని మావాళ్ళకి పంపేవట. మా పేటవి నేనే తీసుకున్నాను, దారులన్నీ తెలుసు కదా అని. మడవడానికి దారులు తెలియడమెందుకో ట్రెంట్ అడగలేదు. మూడు మడతలు, చిరునామా కిటికీలో కనిపించేలా కవర్లో పెట్టాలి. మూడో వంద దాటాక చేతులు వాటంతట అవే మడుస్తాయి. లోపల ఏముందో చదవలేదు. మడిచేవాళ్ళెవరూ చదవరు.

అక్టోబర్ 17, మంగళవారం

ఇవాళ ఆఫీసులో ప్రింటింగ్ మిషన్‌లో నలిగిన ఉత్తరం ఒకటి బల్ల మీద పడుంది. కాఫీ కప్పు కింద పెట్టుకుందామని తీసి చదివాను.

"మీ వీధిలో ఎవరు ఓటు వేస్తున్నారు? మీ ఇరుగుపొరుగుకు తెలుసు." కింద పట్టిక. పేర్లు, పక్కన గత ఆరు అధ్యక్ష ఎన్నికలు. ఒక్కో గడిలో వేశారు, లేదు, వేశారు, లేదు.

ట్రెంట్‌ని అడిగాను, ఇది న్యాయమేనా అని.

"చట్టం ఒప్పుకుంటుందండీ. ఎవరికి వేశారన్నది రహస్యం. వేశారా లేదా అన్నది ఎవరైనా చూసుకోవచ్చు. పక్కింటాయన వేశాడని తెలిస్తే సిగ్గుపడి వీళ్ళూ వేస్తారు. బాగా పనిచేస్తుందండీ ఇది."

"ఇవి మన పార్టీవాళ్ళకేగా?"

"మనవాళ్ళకే. నమోదు డెమోక్రాట్ అయ్యుండి ఓటుకి రానివాళ్ళకి."

రోజాన్‌కి పద్దెనిమిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న తనతో తీసుకెళ్ళి నమోదు చేయించాడు. మాంసం ఫ్యాక్టరీలో యూనియన్ నాయకుడాయన. కూతురు డెమోక్రాట్ కాకపోతే ఇంట్లో అన్నం పెట్టేవాడు కాదు. తర్వాత ఆమె మనసు మార్చుకుంది. కాగితం మార్చుకోలేదు. నాకు తెలుసు ఆ సంగతి.

ఉత్తరాలు శుక్రవారమే పోస్టులో పడ్డాయట.

రోజాన్ ఇలాంటి పోస్టంతా కవరు చింపకుండానే బుట్టలో పారేస్తుంది.

అక్టోబర్ 19, గురువారం

పేకాట. రోజాన్ మామూలుగానే ఉంది. నడుం నొప్పి గురించి చెప్పింది. బుట్టలో పారేసినట్టే.

అక్టోబర్ 26, గురువారం

జలుబట. రాలేదు. చలికాలం మొదట్లో అందరికీ వస్తుంది.

నవంబర్ 2, గురువారం

జలుబు తగ్గలేదట. మధ్యాహ్నం నిచ్చెనెక్కి చూరు గొట్టంలో ఆకులు తీస్తోంది. కిటికీలోంచి చూశాను. ఒక్కసారీ తుమ్మలేదు.

నవంబర్ 7, మంగళవారం

రాదనుకున్నాను. ఆరుకి వచ్చింది. పిండి గిన్నె మీద తువ్వాలు కప్పి తెచ్చింది. కోటు కొక్కేనికి తగిలించింది. ఏప్రన్ కట్టుకుంది.

మధ్యాహ్నందాకా పని తప్ప మాట లేదు. ఉండలు నేను చేశాను, గుంటలు తను నొక్కింది. నేను వాతావరణం గురించి ఒకటి అన్నాను. "ఊఁ," అంది. గసగసాలు ఈసారి చేదుగా ఉన్నాయన్నాను. "ఊఁ," అంది.

రెండింటికి చేతులు కడుక్కుని ఏప్రన్ విప్పింది.

"ఎక్కడికే?"

"లూథరన్ చర్చిదాకా."

మా పోలింగు ఆ చర్చి కింది హాల్లోనే. ఓవెన్ ముందు కూర్చున్నాను. నలభై నిమిషాలకి తిరిగి వచ్చింది. కోటు మీద "నేను ఓటేశాను" అన్న గుండ్రటి స్టిక్కర్ ఉంది. కోటు విప్పలేదు.

"క్యూ పెద్దగా లేదు," అంది. "ఇన్నేళ్ళు పోకపోయినా నా పేరు తీసెయ్యలేదు. చెప్పగానే దొరికింది. పేర్లు చూసే పిల్ల, మొదటిసారా అమ్మా అని అడిగింది."

నేను రెండో పళ్ళెం లోపల పెట్టాను.

"అడగవా?" అంది.

"ఏం అడగాలి?"

"ఎవరికి వేశానని."

"అది రహస్యం కదా."

"అవును. ఎవరికన్నది రహస్యం. వేశామా లేదా అన్నది కాదట. నాకు ఉత్తరం వచ్చిందిలే." తల పైకెత్తి, చర్చిలో తంబోలా నంబర్లు చదివే గొంతుతో మొదలుపెట్టింది. "కుబాట్, డార్లీన్. వేశారు. వేశారు. వేశారు. వేశారు. వేశారు. వేశారు. సోకల్, రోజాన్. లేదు. లేదు. లేదు..." ఆరూ చదివింది. ఒక్కటీ వదల్లేదు.

"నేను క్యూలో నిలబడలేదు రోజాన్."

"లేదు. పెట్టె ముందు నిలబడ్డావు."

"నువ్వు అన్నది క్యూ గురించి."

"నేను అన్నది ఏమిటో నీకు తెలుసు." కోటు గుండీలు పెట్టుకుంది. "ప్రతిసారీ ఇక్కడ ఈ బల్ల దగ్గర నాతోపాటు పిండి పిసికావు. పిసుకుతూ, ఇవాళ మన వీధిలో అబద్ధమాడని ఆడవాళ్ళం మనిద్దరమే అన్నావు. ఓసారి కాదు. ప్రతిసారీ అన్నావు."

నేను అలా అన్నట్టు నాకు గుర్తులేదు. అనుంటాను.

గుమ్మం దగ్గర ఆగి, "ఆ పళ్ళెం పది నిమిషాల్లో తియ్యి, మాడిపోతాయి," అంది.

మాడలేదు. నాలుగు డజన్లు వచ్చాయి. ఆమె వంతు రెండు డజన్లు డబ్బాలో పెట్టి ఆమె మెట్ల మీద ఉంచి వచ్చాను.

నవంబర్ 8, బుధవారం

రాష్ట్రం వాళ్ళది. దేశం కూడా వాళ్ళదే. హాగర్టీ గెలిచాడు, మా విట్‌కోంబ్ ఓటమి ఒప్పుకుంది. ఒమాహా ఇంకా తేలలేదు. మావాళ్ళు నాలుగు వందల ఓట్లతో ముందున్నారని ట్రెంట్ చెప్పాడు. తేలినా పైన ఏమీ మారదు. అతని గొంతు మాత్రం ఏదో గెలిచినట్టే ఉంది.

డబ్బా ఆమె మెట్ల మీదే ఉంది.

నవంబర్ 9, గురువారం

డబ్బా నా మెట్ల మీద ఉంది. మూత తియ్యలేదు.

నవంబర్ 20, సోమవారం

మళ్ళీ లెక్కపెట్టారు. మావాళ్ళే, మూడు వందల పన్నెండు ఓట్లతో. పేపర్లో నా ఫోటో వేశారు, చర్చి విందులో తీసింది. పక్కన ఉన్న రోజాన్‌ని కత్తిరించారు. ఆమె భుజం మాత్రం కనిపిస్తోంది.

నవంబర్ 23, గురువారం

థ్యాంక్స్‌గివింగ్. ప్రతి ఏడూ రోజాన్ ఇంట్లోనే. ఈసారి టర్కీ ముక్క కొట్లో కొనుక్కున్నాను. బాగానే ఉంది. ఒంటరిగా తినడం కొత్తేం కాదు నాకు. కాని ఇవాళ సగం ఫ్రిజ్‌లో పెట్టేశాను.

నవంబర్ 29, బుధవారం

నేనే వెళ్ళాను. కొత్త ఎలక్టర్‌ని కనుక గౌరవంగా ముందు గుమ్మం నుంచే వచ్చానన్నాను. ఆమె నవ్వలేదు. లోపలికి మాత్రం రానిచ్చింది.

"తప్పే అనుకో," అన్నాను. "ఒక్క ఓటు. దానివల్ల ఏం మారిందే? నెబ్రాస్కాలో నా ఓటుతో ఏ అధ్యక్షుడైనా గెలిచాడా, ఓడాడా?"

"అధ్యక్షుడి గోల నాకెందుకు?" అంది. కుర్చీ చూపించింది. తను కూర్చోలేదు. "క్లెమెంట్ గుర్తున్నాడా నీకు?"

గుర్తుండకపోవడం ఏమిటి. ఆమె తమ్ముడు. పన్నెండేళ్ళ కిందట స్కూలు బోర్డుకి నిలబడ్డాడు. మోకాలి నొప్పితో ఏడాదిపాటు ఇంటింటికీ తిరిగాడు. అధ్యక్ష ఎన్నిక బ్యాలెట్ మీదే కింద ఎక్కడో అతని పేరు కూడా ఉంది. రెండు ఓట్లతో ఓడిపోయాడు. మళ్ళీ లెక్కపెడితే అవే రెండు. అప్పటి నుంచి మా పేటలో అందరూ అతన్ని రెండోట్ల క్లెమెంట్ అనేవారు. మొదట్లో తనూ నవ్వేవాడు. తర్వాత చర్చిలో పాడటం మానేశాడు. ఆ తర్వాత ఇల్లమ్మి, ఊరొదిలి కార్నీ వెళ్ళిపోయాడు.

"ఆ రోజు కూడా నీ వంటింట్లోనే ఉన్నాను," అంది రోజాన్. "పొద్దున్నే అనుకున్నాను, వాడి కోసం వెళ్ళి వాడి గడి ఒక్కటి నింపి వచ్చేద్దామని. పైన ఎవరికీ వెయ్యక్కర్లేదు కదా. మళ్ళీ, డార్లీన్‌కి మాటిచ్చాను, చెప్పకుండా పోతే ఏం మర్యాద అనుకున్నాను. చెప్తే నువ్వూ వెళ్తానంటావేమో అనుకున్నాను. గుంటలు నొక్కుతూ కూర్చున్నాను."

"నాతో అనుండాల్సింది."

"అంటే వెళ్ళమనేదానివా?"

"అనేదాన్నే."

"తెలుసు. అందుకే కడుపు మండుతోంది." అప్పుడు కూర్చుంది. "లెక్క తేలిన రోజు వాడు ఫోన్ చేశాడు. అక్కా, నువ్వు వేశావు కదా అన్నాడు. వేశానురా అన్నాను. పోటీచేసినవాళ్ళకి ఈ జాబితాలు ఇస్తారట కదా?"

"ఇస్తారు."

"చూసే ఉంటాడు. చూసి కూడా నన్నేమీ అడగలేదు."

పదవి వదులుకుంటానన్నాను. ట్రెంట్ ఇంకొకరిని చూసుకుంటాడు, నేను లింకన్ వెళ్ళను, అప్పుడు ఒప్పందం ఒక్కసారైనా నిలబడుతుంది కదా అన్నాను.

"వద్దు," అంది. "వెళ్ళు. వేసేదేదో నలుగురిలో వెయ్యి. నేనూ వస్తాను. చూడాలి నాకు."

డిసెంబర్ 1, శుక్రవారం

ఆ స్కూలు బోర్డు గడిలో ఎవరికి వేశానో గుర్తులేదు. పన్నెండేళ్ళు అయింది. ఎవరికి గుర్తుంటుంది.

డిసెంబర్ 5, మంగళవారం

క్లెమెంట్ మీద పోటీచేసినావిడ ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పింది. స్కూళ్ళ గురించి తెలిసినావిడ. అలాంటివాళ్ళకి వెయ్యడంలో తప్పేముంది. క్లెమెంట్‌కి పిల్లలు కూడా లేరు.

డిసెంబర్ 6, బుధవారం

ఆ వేసవిలో మా కంచె రోజాన్ వైపు ఏడంగుళాలు జరిగిందని క్లెమెంట్ టేపు పెట్టి కొలిచాడు. ఇల్లు రోజాన్‌ది, కొలత అతనిది. అదీ ఉంది. ఎందుకు రాయకూడదు, చదివేది నేనే కదా.

అతనికి వ్యతిరేకంగా వేశాను.

డిసెంబర్ 10, ఆదివారం

ఆ జాబితాలో ఎవరికన్నది ఉండదు. ఏ ఆఫీసులోనూ ఉండదు. నేను చెప్తే తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. రహస్య బ్యాలెట్ పెట్టింది అందుకే.

డిసెంబర్ 14, గురువారం

రోజాన్ పేకాటకి వచ్చింది. రెండు ఆటలు ఆడి వెళ్ళింది. నా టైర్లు అరిగిపోయాయి కనుక లింకన్‌కి తన కారే తీస్తానంది. మంచు పడుతుందట.

మెల్లగా అంతా సర్దుకుంటోంది. ఇంకేమీ కదపకపోతే సర్దుకుంటుంది.

డిసెంబర్ 19, మంగళవారం

పొద్దున్నే బయల్దేరాం. గంట దారి. దారిలో రోజాన్ రేడియో పెట్టింది, మొక్కజొన్న ధరలు విన్నాం.

కాపిటల్ భవనంలో మమ్మల్ని ఒక పొడుగు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఐదుగురం. నలుగురు వాళ్ళవాళ్ళు, నేనొకదాన్ని. నా పక్కన పశువుల ఆసామి ఒకాయన, పెద్ద బెల్టు బకిల్‌తో. "మీరేనా ఆ ఒక్కరు?" అన్నాడు. "నేనే," అన్నాను. "చలిగా ఉందా అమ్మా అక్కడ?" అన్నాడు. అతని మనవరాలు కూడా మావైపేనట, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నాడు. రోజాన్ సందర్శకుల కుర్చీల్లో మొదటి వరసలో కూర్చుంది. చుట్టూ అందరూ ఆమె పార్టీవాళ్ళే. ఆమె మాత్రం నా వైపే చూస్తోంది.

ముందు ప్రమాణం. తర్వాత ఒక్కొక్కరికి రెండేసి బ్యాలెట్లు. ఒకటి అధ్యక్ష పదవికి, ఒకటి ఉపాధ్యక్ష పదవికి. గుర్తు పెట్టి కింద మన పేరు రాసి సంతకం చెయ్యాలి. అధికారి ఒక్కోటీ తీసి పైకి చదివాడు. హాగర్టీ. హాగర్టీ. మూడోది నాది. "డార్లీన్ కుబాట్, రెండవ నియోజకవర్గం, విట్‌కోంబ్‌కు." పశువుల ఆసామి నా వైపు తల ఊపాడు. నాలుగు, ఒకటి. తర్వాత ఆరు ధ్రువపత్రాల మీద ఆరు సంతకాలు. వాటిని వాషింగ్టన్‌కీ మిగతా చోట్లకీ పంపుతారు. మొత్తం అరగంట పట్టలేదు. కుకీలు పెట్టారు.

నేను ఎవరికి వేశానో నా పేరుతో సహా బయటికి చదవడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఓటు వెయ్యడం అంటే నాకు కవరు అంటించి, చుట్టూ చూసి, పెట్టెలో పడేసి వచ్చెయ్యడమే. ఇవాళ బయటికి వస్తుంటే ఒంట్లో బరువు దిగినట్టు అనిపించింది. అంత తేలికగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

ఆ తేలికలోనే నోరు తెరిచాను. కారు ఊరు దాటి హైవే ఎక్కింది. మంచు సన్నగా పడుతోంది.

"రోజాన్, క్లెమెంట్ నిలబడ్డప్పుడు నేను అవతలావిడకి వేశాను."

వైపర్లు తిరుగుతున్నాయి. కారు వేగం పెరగలేదు, తగ్గలేదు. రెండు ఊళ్ళ బోర్డులు దాటాం. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. రెండూ లేవు.

"నాకు తెలీదు," అంది చివరికి. "ఆ కాగితంలో అది లేదు."

"లేదు."

"వాడికి వేశావనే అనుకున్నాను. ఉత్తరం చూసినప్పుడు కూడా అనుకున్నాను, పోనీలే, అది మాట తప్పినా మావాడికి ఒక ఓటు పడింది కదా అని. అదొక్కటే మంచి జరిగిందనుకున్నాను."

నేను నా వైపు అద్దం మీద ఆవిరి తుడిచాను.

"పన్నెండేళ్ళ నుంచి ఒక లెక్క వేసుకుంటున్నాను డార్లీన్. వాడు ఓడింది రెండు ఓట్లతో. నేను వెళ్ళి వేసినా ఇంకొకటి తక్కువయ్యేది. ఎలాగూ ఓడేవాడే. దాన్ని పట్టుకుని బతికాను. ఆ లెక్క లేకపోతే వాడి మొహం చూడలేకపోయేదాన్ని." లారీ ఒకటి దాటి పోయేదాకా ఆగింది. "ఆ రెండూ మనవే అన్నమాట. ఒకటి నేను వెయ్యనిది, ఇంకోటి నువ్వు వేసింది. ఇద్దరం ఒప్పందం ప్రకారం నడిచినా, ఇద్దరం తప్పి వాడికే వేసినా, వాడు ఇంకా ఇక్కడే ఉండేవాడేమో."

"ఇద్దరం మానేస్తే ఒక్క ఓటుతో ఓడేవాడు," అన్నాను. నా నోరు నాకే పరాయిదైంది ఆ క్షణంలో. లెక్క సరిగ్గా ఉండాలనిపించింది.

"సరే. ఒక్క ఓటుతో," అంది రోజాన్. "నీకు తేలికైందా చెప్పాక?"

"అయింది."

"కనిపిస్తోంది."

నన్ను నా గుమ్మం ముందే దింపింది, మంచులో జారకుండా.

డిసెంబర్ 20, బుధవారం

పొద్దున ఏడింటికి రోజాన్ కారు తీసి పడమర వైపు వెళ్ళింది. కార్నీ అటే. మూడు గంటల దారి, రోడ్లన్నీ ఐసు.

నేను చెప్పకుండా ఉండాల్సింది. ఇది రాసి ఒకసారి కొట్టేశాను. మళ్ళీ రాస్తున్నాను. ఆమె దగ్గర మిగిలినది ఒకే ఒక్క లెక్క, అదీ నేనే తీసేసుకున్నాను. నా బరువు దించుకుని ఆమె మీద పెట్టాను. సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 21, గురువారం

మధ్యాహ్నం మూడింటికి తలుపు తట్టింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. మెట్ల మీదే నిలబడింది.

"నా సంగతి వాడికి చెప్పాను," అంది. "వెయ్యలేదురా, వేశానని అబద్ధం చెప్పాను అన్నాను. ఆ వారంలోనే జాబితాలో చూశానక్కా అన్నాడు. కాఫీ పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు."

"నా సంగతి?"

"చెప్పలేదు. అది నువ్వు వేసింది. నువ్వే చెప్పుకో."

"ఏమంటాడు?"

"నన్నే ఏమీ అనలేదు, నిన్నేమంటాడు? ఊరుకుంటాడు. కాఫీ పెడతాడు. అదే తాగి రా నువ్వు కూడా."

కాగితం మీద అతని చిరునామా రాసి తెచ్చింది. నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పేకాట సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రేపు టైర్లు మార్పించుకుని ఎల్లుండి వెళ్తున్నాను. ఫోన్లో చెప్పేది కాదు. ఓటు వేసినందుకు క్షమాపణ అడగను, అది నా ఓటు. కాని అతను ఇక్కడున్నన్నాళ్ళూ, చర్చిలో కనిపించినప్పుడల్లా, భుజం తట్టి, "పాపం క్లెమెంట్, రెండే రెండు ఓట్లు," అన్నాను. అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేనే.